వాక్యం చూపించడం వేరు, వాక్యంతో పరీక్షించడం వేరు

క్లుప్తంగా

ఏ బోధనైనా లేఖనాలతో సరిచూసుకోమని బైబిలే విశ్వాసులకు చెబుతోంది. అయితే ప్రసంగంలో ఒక వచనం వినిపించినంత మాత్రాన ఆ పని అయిపోయినట్టు కాదు. ఆ వచనానికి ముందూ వెనకా ఏముంది, ఎవరితో ఏ పరిస్థితిలో అన్నారు, అదే విషయం మీద బైబిలు ఇంకోచోట ఏమంటోంది అనేవి చూడాలి. ఈ పద్ధతి ఎక్కడిది, చరిత్రలో ఎలా నడిచింది, కానుకలు, స్వస్థత, యేసు రెండో రాకడ తేదీల మీద పెడితే ఏం తేలుతుంది, పరీక్షే ఎక్కడ దారి తప్పుతుంది అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

డిసెంబరు 31 రాత్రి చేతికొచ్చే కార్డు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు దాటాక, చాలా తెలుగు సంఘాల్లో కొత్త సంవత్సరపు వాగ్దానం ఇస్తారు. పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి ఉంటాయి. ఒక్కొక్కరూ వెళ్లి ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదంతా అది బైబిల్లోనో, ఫ్రిజ్ తలుపు మీదో, ఫోను కవరు వెనకో ఉంటుంది. ఆ కార్డుల మీద తరచూ కనిపించే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి: "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు."

కష్టంలో ఉన్నవాళ్లకు ఈ మాట ఎంత ధైర్యమిస్తుందో చెప్పక్కర్లేదు. అయితే కార్డు మీద పట్టనిది ఆ వచనం చుట్టూ చాలా ఉంది. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరంలోని మాట. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని ఉత్తరం మొదలవుతుంది. అంటే ఇప్పుడిప్పుడే తిరిగి రావడం లేదని అర్థం. పదో వచనంలో 70 ఏళ్లు అని లెక్క కూడా ఉంది. ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడరు. పదకొండో వచనంలోని వాగ్దానం వాళ్ల పిల్లల, మనవల కాలంలో నెరవేరాలి.

ఇంకో విషయం ఆ వచనానికి సరిగ్గా మూడు వచనాల ముందే ఉంది. మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోవద్దు, వాళ్లను నేను పంపలేదు అని ఎనిమిది, తొమ్మిది వచనాల్లో దేవుడు హెచ్చరిస్తాడు. ఆ ప్రవక్తలు ఏం చెబుతున్నారో 28వ అధ్యాయం చూపిస్తుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో యాజకుల ముందు, ప్రజల ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందని, చెరపోయినవాళ్లు తిరిగొస్తారని ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద మోస్తున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా వెంటనే కొట్టిపారేయలేదు. 'ఆమేన్, యెహోవా ఆలాగు చేయునుగాక' అన్నాడు. తర్వాత, క్షేమం ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే దేవుడు పంపినవాడని తెలుస్తుంది అని గుర్తు చేశాడు. హనన్యా ఆ మాట చెప్పింది అయిదో నెలలో. ఏడో నెలలో చనిపోయాడు. చెర మాత్రం రెండేళ్లలో ముగియలేదు.

కాబట్టి 'ఈ ఏడాదిలో నీ కష్టం తీరిపోతుంది' అనడానికి యిర్మీయా 29:11 చూపిస్తే, యిర్మీయా ఎవరిని ఖండించాడో ఆ హనన్యా మాటనే యిర్మీయా నోట పెట్టినట్టవుతుంది. వచనం నిజమే, కార్డు మీద అక్షరం తప్పు లేదు, అయినా అర్థం తలకిందులైంది. కార్డు తీసుకోవడం తప్పని దీనర్థం కాదు. ఆ కార్డు పట్టుకుని ఇంటికొచ్చి 28, 29 అధ్యాయాలు పూర్తిగా చదివినవాళ్లకు అంతకన్నా బలమైన ధైర్యమే దొరుకుతుంది. కష్టం తీరకపోయినా దేవుడు మరిచిపోలేదన్నది ఆ ఉత్తరం చెప్పే మాట.

బెరయలో ఏం జరిగింది

బోధను లేఖనాలతో సరిచూడటం గురించి ఎవరు మాట్లాడినా అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం దగ్గరికే వస్తారు. థెస్సలొనీకలో అల్లరి జరగడంతో అక్కడి విశ్వాసులు పౌలును, సీలను రాత్రికి రాత్రే బెరయకు పంపించేశారు. ఉత్తర గ్రీసులో నేడు వెరియా అని పిలిచే ఊరు అది. అక్కడి యూదుల సమాజమందిరంలో పౌలు బోధించాడు. విన్నవాళ్లు ఆసక్తితో వాక్యాన్ని అంగీకరించి, "పౌలును సీలయును చెప్పిన సంగతులు ఆలాగున్నవో లేవో అని ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి" అని లూకా రాశాడు. థెస్సలొనీకవాళ్లకంటే వీళ్లు ఘనులని మెచ్చుకున్నాడు.

ఈ ఒక్క వాక్యంలో గమనించాల్సినవి చాలా ఉన్నాయి. బెరయవాళ్లు సరిచూసింది ఎవరో ఊరూపేరూ లేని బోధకుడి మాట కాదు, అపొస్తలుడైన పౌలు మాట. వాళ్ల చేతిలో కొత్త నిబంధన లేదు, అప్పటికి అది రాయడమే పూర్తి కాలేదు. ఉన్నవి పాత నిబంధన చుట్టలు. ఇంటింటికీ ఒక బైబిలు ఉండే కాలం కాదు గనుక ఆ చుట్టలు చదవాలంటే మందిరానికే రావాలి, నలుగురూ కలిసి చూడాలి. అంటే పరీక్ష ఒంటరిగా గదిలో కూర్చుని చేసింది కాదు, ఒక్కరోజులో తేల్చేసిందీ కాదు. పరిశోధించడం అని తెలుగులో వచ్చిన చోట గ్రీకులో ఉన్న మాటను లూకా ఇంకోచోట న్యాయవిచారణకు వాడాడు. పిలాతు యేసును విచారించాడని చెప్పేటప్పుడు అదే మాట. సాక్షిని ప్రశ్నించినంత జాగ్రత్తగా చూశారన్నమాట.

ఆసక్తితో అంగీకరించారు అన్న మాట ముందు రావడం కూడా ముఖ్యమే. అనుమానంతో మొదలుపెట్టి తప్పు పట్టుకోవాలని కూర్చోలేదు. 12వ వచనంలో ఫలితం ఉంది: వాళ్లలో చాలామంది విశ్వసించారు.

థెస్సలొనీక సంగతి ఇక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత కొద్దికాలానికే అక్కడి సంఘానికి పౌలు ఉత్తరం రాశాడు. ప్రవచించుటను నిర్లక్ష్యం చేయవద్దంటూనే, "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు. లోహం స్వచ్ఛమైనదో కాదో తేల్చడానికి వాడే మాట అది. కంసాలి గీటురాయి మీద బంగారాన్ని గీసి చూస్తాడు కదా, ఆ పని. రెండో ఉత్తరం నాటికి పరిస్థితి ఇంకా ముదిరింది. ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో ప్రచారం చేస్తున్నారు, అది పౌలు రాసిన ఉత్తరంలోనే ఉందన్నట్టు చెబుతున్నారు. మా దగ్గర నుంచి వచ్చినట్టున్న పత్రిక, అంటే ఉత్తరం, వల్ల కూడా కంగారుపడొద్దని పౌలు రాయాల్సి వచ్చింది. చివర్లో తన సొంత చేవ్రాతతో వందనం రాసి, ప్రతి పత్రికలో ఇదే గుర్తు అన్నాడు. పెద్ద సేవకుడి పేరు పెట్టి వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ చూసి జనం టెన్షన్ పడటం మొదటి శతాబ్దంలోనే, ఇంకో రూపంలో, ఉందన్నమాట.

వచనం ఎలా విడిపోతుంది

యిర్మీయా ఉత్తరానికి అధ్యాయాలు, వచనాలు లేవు. ఈరోజు మనం చూసే అధ్యాయాల విభజనను 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెబుతారు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలను ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ 1551లో ఇచ్చాడు. వెతుక్కోవడానికి అవి ఎంత మేలు చేశాయో తెలిసిందే. సంఘంలో అందరూ క్షణాల్లో ఒకే పేజీకి రాగలుగుతున్నారు. కానీ అదే సంఖ్య, ఉత్తరంలో ఒక వాక్యాన్ని విడి ముక్కగా తీసి గోడకు తగిలించే వీలు కూడా కల్పించింది. క్యాలెండరు, కార్డు, కారు అద్దం, ఇప్పుడు రీలు, అన్నీ ఆ వీలు మీద నడుస్తున్నవే.

ముక్కలుగా తీసి వాడటం మాత్రం సంఖ్యలకన్నా చాలా పాతది. రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్పు దీనికి మంచి పోలిక చెప్పాడు. ఒక నేర్పరి రత్నాలు పొదిగి రాజు బొమ్మ చేశాడు. ఇంకొకడు ఆ రాళ్లన్నీ ఊడదీసి, అవే రాళ్లతో కుక్క బొమ్మో నక్క బొమ్మో పేర్చి, ఇదే రాజు బొమ్మ అన్నాడు. రాళ్లు అసలువే. రాజును ఎప్పుడూ చూడనివాడు నమ్మేస్తాడు. తప్పుడు బోధకులు లేఖనాలతో చేసేది ఇదేనని ఇరేనియస్ వాదన.

దీనికి సువార్తల్లోనే ఒక ఉదాహరణ ఉంది. మత్తయి 4వ అధ్యాయంలో అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమని 91వ కీర్తన ఎత్తి చూపిస్తాడు. కీర్తనలో 'నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు' అని ఉంది. అపవాది చెప్పినప్పుడు ఆ 'మార్గములన్నిటిలో' అన్న మాట లేదు. నడిచే దారిలో కాపాడతానన్న వాగ్దానం, కావాలని దూకితే పట్టుకుంటానన్న హామీగా మారిపోయింది. యేసు ఆ కీర్తనను కాదనలేదు. 'ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది' అని ద్వితీయోపదేశకాండం నుంచి జవాబిచ్చాడు. 'మరియొక చోట' అన్న ఆ రెండు మాటల్లోనే పరీక్ష పద్ధతి చాలావరకు ఉంది.

వాక్యం ఒక్కటే అయితే తీర్పు ఎవరిది?

లేఖనంతో పరీక్షించాలన్న మాట మీద క్రైస్తవ శాఖలన్నీ దాదాపు ఒప్పుకుంటాయి. ఆ పరీక్షలో చివరి మాట ఎవరిదన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

నాలుగో శతాబ్దంలో అరియస్ అనే బోధకుడు, దేవుని కుమారుడైన యేసు సృష్టింపబడినవాడని బోధించాడు. చేతిలో వచనాలు లేకుండా కాదు. సామెతలు 8:22 చూపించాడు, 'తండ్రి నాకంటె గొప్పవాడు' అన్న యోహాను 14:28 చూపించాడు. ఎదుటివాళ్లు యోహాను సువార్త మొదటి వచనం నుంచి మొత్తం లేఖనాల ధోరణి చూపించారు. 325లో నికయ సభ, తండ్రితో ఒకే తత్వం గలవాడు అనే అర్థమిచ్చే హోమూసియోస్ అన్న గ్రీకు మాటను విశ్వాస ప్రమాణంలో పెట్టింది. ఆ మాట బైబిల్లో ఎక్కడా లేదు. లేని మాట ఎందుకు తెచ్చారన్న అభ్యంతరానికి, సభ పక్షాన నిలిచిన అతనాసియస్ ఇచ్చిన జవాబు, మాట లేకపోయినా లేఖనాల భావం అదేనని. బైబిలు మాటలనే వల్లించినంత మాత్రాన బోధ బైబిలుకు కట్టుబడినట్టు కాదని, బైబిల్లో లేని మాట వాడినంత మాత్రాన తప్పు బోధ కాదని ఆ వివాదం తేల్చింది. వందేళ్ల తర్వాత, 434 ప్రాంతంలో, లెరిన్స్ మఠానికి చెందిన విన్సెంట్ తప్పుడు బోధకులు అడుగడుగునా లేఖనాలే వాడతారని రాసి, అంతటా, ఎల్లప్పుడూ, అందరూ నమ్మినదాన్ని కొలతగా పెట్టుకోమన్నాడు.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1519లో లైప్‌జిగ్ వాదంలో సంఘ మహాసభలు కూడా పొరబడగలవన్నాడు. 1521లో వర్మ్స్ సభలో, లేఖనాల సాక్ష్యంతోనో స్పష్టమైన తర్కంతోనో ఒప్పిస్తే తప్ప తన రాతలు వెనక్కి తీసుకోనన్నాడు. 1546లో కతోలిక సంఘపు ట్రెంట్ సభ దీనికి బదులుగా, సత్యం రాసిన గ్రంథాల్లోనూ, రాయని సంప్రదాయాల్లోనూ ఉందని, లేఖనానికి అర్థం చెప్పే అధికారం సంఘానిదని చెప్పింది. రెండో వాటికన్ సభ 1965లో ఇంకో మాట చేర్చింది: సంఘపు బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది. ఆర్థడాక్స్ సంఘాలు లేఖనాన్ని సంప్రదాయం లోపలే ఉంచి చదువుతాయి. తెలుగువాళ్లు చాలామంది ఉన్న దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, 1947లో ఏర్పడినప్పుడు తన రాజ్యాంగంలో లేఖనాలను విశ్వాసానికి అత్యున్నతమైన, నిర్ణాయకమైన ప్రమాణంగా పెట్టుకుంది. స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి ఇలాంటి రాజ్యాంగం గానీ, పైన అడిగే సభ గానీ ఉండవు. పాస్టర్‌గారు చెప్పిందే సంఘ బోధ. అలాంటి చోట వినేవాళ్ల బాధ్యత ఇంకా పెరుగుతుంది.

కానుకలు, స్వస్థత, తేదీలు

దశమభాగం మీద ప్రసంగం అంటే మలాకీ 3:10 తప్పకుండా వస్తుంది. 'పదియవ భాగమంతయు నా మందిరపు నిధిలోనికి తీసికొని రండి' అన్న మాట చెప్పి, ఇవ్వనివాడు దేవుణ్ణి దొంగిలించినట్టే అంటారు. నిధి అన్నది అప్పట్లో ధాన్యం, నూనె నిల్వచేసే కొట్టు, దేవాలయ సేవ చేసే లేవీయుల తిండి దాని మీదే ఆధారపడింది. ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం మూడో ఏటి దశమభాగం లేవీయులకే కాదు, పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి కూడా పెట్టాలి. మలాకీ అదే మూడో అధ్యాయం అయిదో వచనంలో కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లను, విధవరాళ్లను బాధపెట్టేవాళ్లను నిలదీస్తాడు. మొదటి రెండు అధ్యాయాల్లో ఆయన గద్దింపు ఎక్కువగా పడేది యాజకుల మీద. ఇవన్నీ వదిలేసి పదో వచనం ఒక్కటే చదివితే ఇచ్చేవాడి బాధ్యత కనిపిస్తుంది, పుచ్చుకునేవాడి బాధ్యత మాయమవుతుంది.

సేవకుణ్ణి సంఘం పోషించాలన్నది లేఖనంలో ఉన్నదే, 1 కొరింథీ 9:14 స్పష్టంగా చెబుతుంది. 'విత్తనం కానుక' వేస్తే నూరంతలు వస్తుందన్న బోధ వేరు. దానికి చూపించే మార్కు 10:30లో నూరంతలతో పాటు 'హింసలు' అన్న మాట కూడా ఉంది. సణుగుకోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వమని 2 కొరింథీ 9:7. ఫలానా మొత్తం ఇస్తే ఫలానా మేలు అన్న లెక్క అందులో ఎక్కడా కుదరదు. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన లోసాన్ మహాసభ, సువార్తిక సంఘాల ప్రతినిధులు కూడిన చోటే, ఈ ఐశ్వర్య సువార్తను తప్పుబట్టింది.

స్వస్థత విషయం ఇంతకన్నా సున్నితమైనది, ఎందుకంటే ఇక్కడ పొరబడితే పోయేది ప్రాణం. 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది' అన్న యెషయా 53:5 చూపించి, విశ్వాసముంటే మందులు అక్కర్లేదని, మాత్ర వేసుకుంటే అవిశ్వాసమని బోధించేవాళ్లున్నారు. యెషయా 53 శరీర స్వస్థతకు సంబంధమే లేనిదని అనలేం. మత్తయి 8:17 అదే అధ్యాయంలోని నాలుగో వచనాన్ని యేసు రోగుల్ని బాగుచేసిన సందర్భంలోనే వాడింది. అయితే 1 పేతురు 2:24 అయిదో వచనాన్ని పాపాల విషయంలో వాడింది. రోగుల కోసం ప్రార్థించమని యాకోబు 5:14 సంఘపు పెద్దలకు చెబుతుంది. ఇంతవరకు స్వస్థత ప్రార్థనకు లేఖన బలం గట్టిగానే ఉంది.

'మందు వద్దు' అన్న బోధకు మాత్రం లేఖనాల్లో చోటు దొరకదు. తరచూ వచ్చే బలహీనతలకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడు. తన చేతుల మీదుగా ఎందరో బాగుపడినా, తన వెంట తిరిగిన త్రోఫిమును మాత్రం రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లొచ్చాడు. తన సొంత శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, నా కృప నీకు చాలును అన్న జవాబే వచ్చింది. ఆ పౌలు వెంట తిరిగిన లూకాకు కొలొస్సయుల పత్రికలో ఉన్న బిరుదు 'ప్రియుడైన వైద్యుడు'. వీళ్లలో ఎవరికీ విశ్వాసం తక్కువని పౌలు అనలేదు. షుగరు, బీపీ, ఫిట్సు మాత్రలు మానేయమని ఏ వేదిక మీదనైనా వినిపిస్తే, ఈ నాలుగైదు చోట్లూ తెరిచి చూపించమని అడగడానికి ఏ విశ్వాసికైనా హక్కుంది. బోధ వికటిస్తే ఎంతదాకా పోతుందో 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో బయటపడింది. పస్తులుండి చనిపోతే యేసును కలుస్తామన్న బోధ అక్కడ సాగిందన్న అభియోగం మీద కేసు పెట్టారు. 400కు పైగా మృతదేహాలు తవ్వి తీశారు, వాటిలో పిల్లలవీ ఉన్నాయి.

తేదీల సంగతి త్వరగా తేలుతుంది. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు 8:14లోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి రాకడ దగ్గరపడిందని ప్రకటించాడు. ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు, పొలం కోతలు వదిలేసినవాళ్లూ ఉన్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబరు 21 అన్నాడు, చివరికి 2012లో తప్పు ఒప్పుకున్నాడు. రెండింటికీ బోలెడు లెక్కలు, బోలెడు వచనాలు ఉన్నాయి. ఆ దినం, ఆ గడియ తండ్రికి మాత్రమే తెలుసు, కుమారుడు కూడా ఎరుగడు అన్న మత్తయి 24:36 ముందు అవేవీ నిలబడవు. ద్వితీయోపదేశకాండంలో దీనికి రెండు కొలతలు పక్కపక్కనే ఉన్నాయి. చెప్పింది జరగకపోతే అది యెహోవా మాట కాదని 18వ అధ్యాయం. చెప్పింది జరిగినా, సూచక క్రియ నిజమే అయినా, దేవుణ్ణుంచి పక్కకు లాగితే వినొద్దని 13వ అధ్యాయం. 'ఆయన చెప్పింది మా ఇంట్లో జరిగింది కదా' అన్న సాక్ష్యం దగ్గరే ఆగిపోయేవాళ్లు ఈ రెండోది తప్పకుండా చదవాలి.

తెలుగు బైబిలు మాటలు

తెలుగు పాఠకులకు అదనంగా ఒక చిక్కుంది. మన సంఘాల్లో ఎక్కువగా చదివే అనువాదం గ్రాంథికంలో ఉంది. దాని సొంపు దానిదే, కంఠస్థం చేసినవాళ్ల నోట అది పాటలా పలుకుతుంది. అయితే అందులోని కొన్ని మాటలకు వాడుకలో అర్థం మారిపోయింది. యిర్మీయా వచనంలోనే రెండున్నాయి. 'సమాధానం' అంటే బడి పిల్లలకు ప్రశ్నకు జవాబు, బైబిల్లో శాంతి, క్షేమం. 'నిరీక్షణ' అంటే వాడుకలో ఎదురుచూడటం, బైబిల్లో ఆశ, నమ్మకంతో కూడిన ఎదురుచూపు. 'ప్రవచనం' అనగానే మామూలు తెలుగువాడికి గుళ్లో పురాణ ప్రసంగం గుర్తొస్తుంది, బైబిల్లో అది దేవుని నుంచి వచ్చిన మాట పలకడం. అర్థం తెలియనప్పుడు వేదిక మీద చెప్పిందే అర్థమైపోతుంది. అందుకే పాత అనువాదం పక్కన వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పెట్టుకుని చదివితే సగం అయోమయం అక్కడే పోతుంది.

'అభిషిక్తుణ్ణి ముట్టవద్దు'

ఇన్ని తెలిసినా అడగడానికి చాలామంది జంకుతారు. దానికి ఒక వచనమే కారణం: 'నేను అభిషేకించినవారిని ముట్టకూడదు, నా ప్రవక్తలకు కీడుచేయకూడదు' అన్న 105వ కీర్తన 15వ వచనం. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందన్న భయం దీని మీద నిలబడింది. కీర్తన చదివితే అక్కడ అభిషేకించినవారు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. దేశదేశాలు తిరుగుతున్న ఆ కొద్దిమందిని రాజులు హింసించకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. హాని చేయవద్దన్న మాటే గాని, చెప్పింది సరిచూడవద్దన్న మాట కాదు. యోహాను మొదటి పత్రిక అభిషేకాన్ని విశ్వాసులందరికీ చెందినదిగా చెబుతుంది. పౌలయితే తనను కూడా మినహాయించుకోలేదు: 'మేమైనను పరలోకమునుండి వచ్చిన యొక దూతయైనను' వేరే సువార్త ప్రకటిస్తే శాపగ్రస్తుడన్నాడు. శాపం అన్న మాట ఉన్నది తప్పుగా బోధించేవాడి మీద, అడిగేవాడి మీద కాదు.

దీనికి రెండో వైపూ ఉంది. పెద్దల మీద నిందను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప అంగీకరించవద్దని 1 తిమోతి 5:19. పుకారు పట్టుకుని వీడియో పెట్టడం పరీక్ష కిందికి రాదు.

పరీక్షే దారి తప్పితే

పరీక్షించేవాడికి సొంత లాభం ఉంటే అదే లేఖనం ఎటైనా వంగుతుంది. 19వ శతాబ్దంలో అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవాళ్లు కనానుకు తగిలిన శాపాన్ని, దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీయుల మాటను చూపించారు. మనిషిని దొంగిలించి అమ్మినవాడికి మరణశిక్ష అన్న నిర్గమకాండం 21:16 వాళ్ల ప్రసంగాల్లో అంత గట్టిగా వినిపించలేదు.

మన దేశంలో కులం విషయంలో ఇదే జరిగింది. సంఘంలో కులాన్ని 'లోకాచారం' అని సర్దుకుపోయిన కాలంలో, 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్, సంఘాల్లో కుల భేదం వెంటనే, పూర్తిగా వదిలేయాలని ఉత్తరం రాశాడు. దక్షిణాదిలో దాని మీద పెద్ద గొడవే అయింది. ఈ విషయానికి లేఖనంలో సరిగ్గా సరిపోయే సంఘటన గలతీయులు 2లో ఉంది. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే పంక్తిలోంచి లేచిపోయాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. పేతురు నోటితో ఏ తప్పు బోధా చేయలేదు. పక్కన కూర్చోవడం మానేశాడు, అంతే. సువార్త సత్యం ప్రకారం నడవలేదని పౌలు అన్నది దాన్నే. ప్రసంగాలను వచనాలతో సరిచూసే తెలుగు సంఘాలు పెళ్లి సంబంధాలను, శ్మశానాలను కూడా ఈ వచనంతో సరిచూడాలి. అక్కడ మౌనంగా ఉండి వేదిక మీది మాటను మాత్రమే తూకం వేస్తే పరీక్ష సగమే జరిగినట్టు.

ఇంకో రకం పొరపాటు, అన్నింటినీ ఒకే తూకంలో వేయడం. క్రిస్మస్ చేసుకోవచ్చా, నగలు పెట్టుకోవచ్చా, ఆరాధనకు తెల్లబట్టలే కట్టాలా అన్న వాదాలు తెలుగు క్రైస్తవుల్లో స్నేహాలు తెగేదాకా వెళ్తున్నాయి. రోమీయులు 14లో, ఒకడు ఒక దినాన్ని మంచిదని ఎంచుతాడు, ఒకడు అన్ని దినాలూ సమానమంటాడు, ప్రతివాడు తన మనస్సులో రూఢిపరచుకోవాలని పౌలు రాశాడు. వేరే సువార్తకు శాపం పలికిన కలమే ఇక్కడ ఇంత నెమ్మదిగా ఉంది. ఏది సువార్తకు సంబంధించింది, ఏది అలవాటుకు సంబంధించింది అని వేరుచేయడమే పరీక్షలో మొదటి పని.

ఫోనులో బైబిలు, ఫోనులో ప్రసంగం

ఒకప్పుడు ఆదివారం ప్రసంగం, ఏడాదికోసారి ఉజ్జీవ సభలు, అంతే. ఇప్పుడు అరవై సెకన్ల షార్ట్‌లో ఒక వచనం, దానికో సంగీతం, ఒక హామీ వచ్చి వెళ్లిపోతాయి. చూసేవాడు పేజీ తిప్పేలోపు ఇంకోటి మొదలవుతుంది. విజయవాడలో అన్న మాట అదే రాత్రి కువైట్ క్యాంపుల్లో, డల్లాస్ ఇళ్లలో వింటున్నారు. చెప్పినవాడు ఎవరో, ఎలా బతుకుతున్నాడో వినేవాళ్లకు తెలియదు. వారి ఫలాల వల్ల వారిని తెలుసుకోవాలన్న మత్తయి 7వ అధ్యాయపు కొలత దూరం వల్ల పనికిరాకుండా పోతోంది. బెరయవాళ్లకు పౌలు ఎదురుగా ఉన్నాడు, అడగ్గలిగారు.

అదే ఫోను ఇంకో దారి కూడా తెరిచింది. బెరయలో మందిరానికి వెళ్తే తప్ప చూడలేని చుట్టలు ఇప్పుడు అందరి చేతిలో, నాలుగు అనువాదాల్లో ఉన్నాయి. ప్రసంగంలో సంఖ్య వినగానే ఆ అధ్యాయమంతా తెరవడానికి పది సెకన్లు చాలు. కొన్ని సంఘాల్లో ప్రసంగం అయ్యాక ప్రశ్నలకు అరగంట ఇస్తున్నారు. ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు మాట్లాడాలి, తక్కినవారు వివేచింపవలెను అన్న 1 కొరింథీ 14:29ని అమలు చేయడమంటే అదే. అలాంటి చోట పాస్టర్‌గారు సిద్ధపడే తీరే మారుతుంది. 'ఈ వచనం ముందు ఏముందండీ' అని మధ్య వరుసలోంచి ఒక పెద్దావిడ అడుగుతుందని తెలిస్తే, ఆయన శనివారం రాత్రే అది చూసుకుని వస్తాడు.

బెరయలో పౌలు ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. థెస్సలొనీక నుంచి వచ్చినవాళ్లు అక్కడా అల్లరి లేపారు, ఆయన ఏథెన్సుకు వెళ్లిపోయాడు. కొన్నేళ్ల తర్వాత యెరూషలేము వైపు చివరి ప్రయాణంలో ఆయన వెంట నడిచినవాళ్ల పేర్లు అపొస్తలుల కార్యములు 20:4లో ఉన్నాయి. వాటిలో మొదటి పేరు పుర్రు కుమారుడైన సోపత్రు. ఊరు బెరయ.